మట్టం సరిపడే దాకా

ముప్పై ఒక్క ఏళ్ళు లాకు తలుపులు తిప్పినవాణ్ణి.
రిటైరయ్యాక నా చేతికి మిగిలింది
ఒక టేపూ, ఇరిగేషను వాళ్ళు పారేసిన పాత రిజిస్టరూ.
దాని వెనక పేజీల్లోనే ఇప్పుడు
మా పదకొండిళ్ళ ప్లాను.

స్థలం అంటారా, ఎకరం డెబ్భై సెంట్లు.
రొయ్యల చెరువు తవ్వి, తెగులొచ్చి, వదిలేసిన గొయ్యి.
సగం పూడ్చాలి.
గట్టు మీద నిలబడితే ఉప్పు చారలు
చెమట ఆరిన చొక్కాలా కనిపిస్తాయి.
చవగ్గా వచ్చింది. ఎందుకు చవగ్గా వచ్చిందో
ఊరందరికీ తెలుసు.

వంతెన దగ్గర టీ బల్ల మీద మాకు పేరు కూడా పెట్టేశారు:
"పదకొండిళ్ళ సర్కారు."
"ఉట్టికెగరలేనమ్మ..." అని మొదలెడతాడు గుబ్బల సూరన్న.
మిగతా సగం అక్కడున్నవాళ్ళు అందుకుంటారు,
గ్లాసులు కడిగే కుర్రాడితో సహా.

పంచాయతీ గుమాస్తా కాగితం తిరగేసి మరగేసి అడిగాడు:
"ఇది లేఔటా? ఆశ్రమమా? సొసైటీయా?
కులం దగ్గర ఖాళీ వదిలేశారేంటి?"
ఏసుపాదం తల గోక్కుని
"ఇరుగూ పొరుగూ అండి" అన్నాడు.
"అలాంటి గడి లేదు" అన్నాడు గుమాస్తా.
నిజమే. మేమూ వెతికాం.

ఒకే మాట మీదున్నవాళ్ళం అంటారు మమ్మల్ని.
ఎక్కడ!
వంటిల్లు ఒకటే ఉండాలని నూకరత్నం,
నా పులుసులో ఇంకొకరి గరిటె పడకూడదని పళ్ళాలమ్మ.
ప్రహరీ కావాలని రెండిళ్ళు, వద్దని తొమ్మిది.
ఆ రెండూ దొంగలు పడ్డ ఇళ్ళే.
అందుకని ఓట్లు లెక్కపెట్టడం మానేశాం.
మరుగుదొడ్లు ఎటువైపన్నదానికి మూడు వారాలు.
కరెంటు పోయిన రాత్రుళ్ళు
ఎదుట ఎవరున్నారో కనపడక
కాస్త మర్యాదగా పోట్లాడుకుంటాం.

కుదిరినవి కొన్నే.
కప్పు మీద పడిన వాన ఊరికే పోకూడదు.
ముందు నీళ్ళ తొట్టి, ఆ తర్వాతే గోడలు.
పీచు మిషను అందరిదీ, దాని బిల్లూ అందరిదే.
విత్తనాల గాదె తాళం నెలకొక ఇంట్లో.
వరదొస్తే ఎవరి మంచం ఎవరి డాబా ఎక్కాలో
ఇప్పుడే రాసుకోవాలి,
నీళ్ళొచ్చాక అడగడానికి సిగ్గేస్తుంది.

శ్రావణంలో మీరావలీ అడ్వాన్సు వెనక్కి అడిగాడు.
కూతురి నర్సింగు ఫీజన్నాడు.
ఫీజేనో, టీ బల్లో, మేం అడగలేదు.
మేం నోట్లు లెక్కపెడుతున్నంతసేపూ
అతను కాలవ వైపు చూస్తూ నిలబడ్డాడు.
రిజిస్టరులో అతని ఇల్లు ఇంకా అలాగే ఉంది.
రబ్బరు తీశాను. చెయ్యి రాలేదు.
ఆ రాత్రి పడుకుని అనుకున్నాను,
సూరన్నదే నిజమేమో.

మొన్న పొద్దుగూకే వేళ ఆ సూరన్నే గట్టెక్కాడు.
వేళాకోళానికొచ్చాడనుకున్నాం.
చెప్పులు విడిచి, గోతిలోకి దిగి,
నేను పోసిన సున్నం గీత మీద నిలబడి
"తొట్టి ఇక్కడ కట్టారంటే మీ ఖర్మ" అన్నాడు.
"ఈ చెరువు తవ్విన పొక్లెయిను నడిపింది నేనే.
ఈ మూలంతా ఉప్పు ఊట.
అదిగో, తాటి మొద్దు దగ్గర, నల్ల బంక.
అక్కడైతే నిలుస్తాయి నీళ్ళు."
"చేరతావా మరి?" అంది నూకరత్నం.
"నాకేం పిచ్చా?" అన్నాడు.
అని, టేపు రెండో కొస పట్టుకుని
చీకటి పడే దాకా నిలబడ్డాడు.
తెల్లారి టీ బల్ల దగ్గర
మళ్ళీ అదే సామెత, అదే గొంతు.

పడవలు తిరిగిన రోజుల్లో
లాకులో ఇటొక మట్టం, అటొక మట్టం ఉన్నంతసేపు
పదిమంది నెట్టినా తలుపు కదిలేది కాదు.
సరంగు బూతులు తిట్టేవాడు.
కింద తూములోంచి నీళ్ళు
చప్పుడు లేకుండా చేరుతుండేవి.
ఆ సమయంలో లస్కరు చేసే పనేమీ ఉండదు.
నేను బీడీ కాల్చుకునేవాణ్ణి.

ఇప్పుడు బీడీ మానేశాను.
రిజిస్టరు తెరిచి
తాటి మొద్దు దగ్గర తొట్టి లోతు
మళ్ళీ మొదట్నించీ లెక్కేస్తున్నాను.